ఒకే రక్తానికి రెండు లెక్కలు: జార్జియాలో ఒక కిడ్నీ కేసు

2016 సెప్టెంబరులో ఈ పేషెంట్ రక్తపరీక్ష రిపోర్టు మీద ఒకే పరీక్షకు రెండు ఫలితాలు ఉన్నాయి. కిడ్నీ వడపోత తగ్గితే రక్తంలో పేరుకునే క్రియాటినిన్ 3.6. దాని కింద కిడ్నీల పనితీరు అంచనా, మేము ఈజీఎఫ్ఆర్ అనేది, రెండు వరుసల్లో అచ్చయింది. ఆఫ్రికన్ అమెరికన్ కాకపోతే 18. ఆఫ్రికన్ అమెరికన్ అయితే 21. ఆయన నల్లజాతి మనిషి కాబట్టి అప్పటి క్లినిక్ రెండో వరుస చదివింది. ట్రాన్స్‌ప్లాంట్ వెయిటింగ్ లిస్టులో ఎదురుచూసిన కాలం లెక్క మొదలవ్వాలంటే ఆ అంకె 20కి గానీ అంతకన్నా కిందికి గానీ దిగాలి. 21 ఉంది కాబట్టి మూడు నెలల తర్వాత మళ్లీ రమ్మని ఇంటికి పంపేశారు.

రక్తం ఒకటే, మెషీన్ ఒకటే, రోజు ఒకటే. ఆయన తెల్లవాడై ఉంటే ఆ రోజే లిస్టుకు అర్హుడు.

నేను అమెరికా దక్షిణ రాష్ట్రాల్లో కిడ్నీ డాక్టర్‌గా పనిచేస్తున్నాను. ఈ కేసు 2021లో నా చేతికి వచ్చింది. ఆయన, ఆయన భార్య ఒప్పుకున్నాకే రాస్తున్నాను. మనిషిని గుర్తుపట్టే వీలున్న వివరాలు మార్చాను. అమెరికాలో బానిసత్వం 1865లోనే పోయింది కదా, ఇంకా ఆ మాట ఎందుకు అని మనవాళ్లు చాలామంది అడుగుతుంటారు. ఆ ప్రశ్నకు నా దగ్గరున్న జవాబు ఈ రిపోర్టే. ఆ రోజు క్లినిక్‌లో ఎవరూ ఆయన్ని అవమానించలేదు. నర్సు నల్లజాతి అమ్మాయి, డాక్టరు మర్యాదస్తుడు. అందరూ రూలు ప్రకారమే నడిచారు. ఆ రూలులోనే పాత విషయం దాగి ఉంది.

మనిషి, ఊరు

ఆయన 1964లో జార్జియా నైరుతి మూల, వేరుశనగ చేలూ పెకాన్ తోటలూ ఉన్న ప్రాంతంలో పుట్టారు. పుట్టింది ఇంట్లో, మంత్రసాని చేతిలో. ఆసుపత్రి దగ్గర్లోనే ఉంది. కానీ అది ఎవరి కోసం కట్టిందో అందరికీ తెలుసు. 1946 నాటి ఆసుపత్రుల చట్టం కింద కేంద్ర ప్రభుత్వ డబ్బుతో ఊరూరా ఆసుపత్రులు లేచాయి. 'వేరైనా సమానమే' అన్న పేరుతో నల్లవాళ్లను విడిగా ఉంచడానికి ఆ చట్టమే వీలిచ్చింది. 1963లో కోర్టు ఆ వెసులుబాటును కొట్టేసింది. అయినా దక్షిణాదిలో చాలా ఆసుపత్రులు దారికొచ్చింది 1966లో ముసలివాళ్లకు ప్రభుత్వ ఆరోగ్య బీమా, మెడికేర్, మొదలయ్యాకే. వివక్ష మానకపోతే మెడికేర్ డబ్బు రాదని చెప్పేసరికి నెలల్లో వార్డులు కలిసిపోయాయి.

ఆయన తాత పత్తి, వేరుశనగ పాలుకి చేసేవాడు. విత్తనం, ఎరువు, ఇంటికి కావాల్సిన పిండీ ఉప్పూ అన్నీ భూస్వామి కొట్లో అప్పు మీద తెచ్చుకోవాలి. పంట చేతికొచ్చాక లెక్క రాసేదీ ఆ భూస్వామే. ఇది విన్నప్పుడు తెలంగాణ, ఆంధ్ర పల్లెల్లో పెరిగిన వాళ్లెవరికీ వివరం అక్కర్లేదు. 1865 జనవరిలో సవానా నుంచి, అంతర్యుద్ధంలో ఉత్తరాది సైన్యాన్ని నడిపిన జనరల్ షెర్మన్ ఇచ్చిన ఉత్తర్వుతో జార్జియా, సౌత్ కరొలైనా, ఫ్లోరిడా తీరంలో విముక్తి పొందిన కుటుంబాలకు 40 ఎకరాల వరకు భూమి ఇవ్వడం మొదలైంది. ఏడాది తిరక్కుండానే అధ్యక్షుడు ఆండ్రూ జాన్సన్ దాన్ని తిప్పేసి, చాలావరకు భూమి పాత యజమానులకే ఇప్పించాడు. ఈయన కుటుంబం ఉండేది తీరానికి దూరంగా. వాళ్లకు ఆ కొద్దికాలపు భూమి కూడా దక్కలేదు. 1935లో సోషల్ సెక్యూరిటీ పెన్షన్ వచ్చినప్పుడు మొదట్లో వ్యవసాయ కూలీలను, ఇళ్లలో పనిచేసేవాళ్లను అందులో చేర్చలేదు. తాతది మొదటి పని, నాయనమ్మది రెండో పని.

పేషెంట్ స్కూలు చదువు అయ్యాక కోళ్ల ప్లాంట్‌లో చేరారు. 34 ఏళ్లకు బీపీ బయటపడింది. షుగర్ లేదు, తాగుడు లేదు. చాలా ఏళ్లు ఇన్సూరెన్స్ లేదు. మాత్రలు నెల సరిపోవడానికి రోజు మార్చి రోజు వేసుకునేవారు. పని మారాక ఇన్సూరెన్స్ వచ్చింది. అప్పటికే క్రియాటినిన్ 2 దాటింది. జార్జియా ఇప్పటికీ పేదలకిచ్చే ప్రభుత్వ బీమా అయిన మెడికెయిడ్‌ను పూర్తిగా విస్తరించని రాష్ట్రాల్లో ఒకటి. మరోవైపు 1972 నాటి చట్టం వల్ల కిడ్నీలు పూర్తిగా పోయినవాళ్లకు, ఏ వయసైనా, దాదాపు అందరికీ మెడికేర్ వస్తుంది. అంటే కాపాడుకునే దశలో నాలుగు డాలర్ల మాత్రకు దిక్కులేదు, పోయాక మాత్రం వేల డాలర్ల డయాలసిస్‌కు ప్రభుత్వం కడుతుంది. మా ప్రాంతంలో దీన్ని చూడని వారం ఉండదు.

ఆ గుణకారం ఎలా వచ్చింది

కిడ్నీ ఎంత పనిచేస్తోందో నేరుగా కొలవడం కష్టం. అందుకే కండరాల నుంచి వచ్చే క్రియాటినిన్ రక్తంలో ఎంత పేరుకుందో చూసి, వయసు, ఆడా మగా అన్నవి కలిపి ఒక సూత్రంతో అంచనా వేస్తాం. 1999లో వచ్చిన ఒక సూత్రం ప్రపంచమంతా పాకింది. దాన్ని 1,628 మంది పేషెంట్ల వివరాలతో తయారుచేశారు. అందులో నల్లవాళ్లు 197 మంది. ఒకే క్రియాటినిన్ ఉన్నా వాళ్లలో కొలిచిన పనితీరు సగటున కొంచెం ఎక్కువ కనిపించింది. దాంతో నల్లవాళ్లయితే ఫలితాన్ని సుమారు 1.2తో గుణించాలని పెట్టారు. 2009లో వచ్చిన మెరుగైన సూత్రంలో ఆ గుణకం 1.159 అయింది. మన పేషెంట్ 18ని 21 చేసింది ఇదే.

సగటున నల్లవాళ్లకు కండరం ఎక్కువ, కాబట్టి క్రియాటినిన్ ఎక్కువ అన్నది అప్పటి వివరణ. ఆ సూత్రం రాసినవాళ్లు చెడ్డవాళ్లని నేను అనను. లెక్కలో కనిపించిన తేడాను లెక్కలో పెట్టారు. నాకు బాధ కలిగించేది, తేడా కనిపించగానే తిండి, పని, బరువు, మందులు ఇవేవీ కొలవకుండా 'జాతి' అన్న గడి ఒక్కటీ సరిపోతుందని అందరికీ అంత తేలిగ్గా అనిపించడం. కండరమే కారణమైతే కండరాన్ని కొలవొచ్చు. రిసెప్షన్‌లో ఫారం నింపిన మనిషి టిక్కు పెట్టిన గడిని నమ్మడానికి అందరూ ఎందుకు సిద్ధంగా ఉన్నారు?

ఎందుకంటే ఆ ఆలోచనకు దారి రెండు శతాబ్దాల ముందే పడింది. స్వాతంత్ర్య ప్రకటన రాసిన థామస్ జెఫర్సన్ జీవితకాలంలో 600 మందికి పైగా మనుషులను బానిసలుగా ఉంచుకున్నాడు. 1780ల్లో వర్జీనియా గురించి రాసిన పుస్తకంలో ఆయన నల్లవాళ్ల శరీరాల గురించి ఒక జాబితా ఇచ్చాడు. వాళ్ల కిడ్నీల నుంచి తక్కువ, చర్మం నుంచి ఎక్కువ విసర్జన అవుతుందన్నది అందులో ఒక మాట. కిడ్నీ డాక్టర్‌గా ఆ వాక్యం మొదటిసారి చదివినప్పుడు చాలాసేపు ముందుకు కదలలేకపోయాను. 1851లో లూయిజియానాలో శామ్యూల్ కార్ట్‌రైట్ అనే డాక్టరు, బానిసలు పారిపోవాలనుకోవడం ఒక జబ్బని పేరుపెట్టి మెడికల్ జర్నల్‌లో రాశాడు. ఊపిరితిత్తుల శక్తి కొలిచే స్పైరోమీటర్ పట్టుకుని నల్లవాళ్లకు అది దాదాపు 20 శాతం తక్కువని కూడా ప్రకటించాడు. గట్టిగా పనిచేయిస్తేనే వాళ్ల ఒంటికి మంచిదని తేల్చడం కోసం ఆ కొలత.

వీటికీ 1999 సూత్రానికీ మధ్య నేరుగా గీత గీయలేం. గీయకూడదు కూడా. కానీ నల్లశరీరం మూలంలోనే వేరైనదన్న నమ్మకం వైద్యవిద్యలో ఎంతగా ఊరిపోయిందంటే, 2016లో జెఫర్సన్ స్థాపించిన వర్జీనియా యూనివర్సిటీలోనే తెల్లజాతి మెడికల్ విద్యార్థులను, జూనియర్ డాక్టర్లను అడిగితే, నల్లవాళ్ల చర్మం మందం, వాళ్ల రక్తం తొందరగా గడ్డకడుతుంది లాంటి తప్పుడు మాటల్లో కనీసం ఒకదాన్ని సుమారు సగం మంది నిజమన్నారు. అలా నమ్మినవాళ్లు నల్లవాళ్ల నొప్పిని తక్కువగా అంచనా వేశారు కూడా.

మన సంగతి చెప్పాలి. మన తెలుగువాళ్లం ఆ రిపోర్టులో ఎప్పుడూ 'కాకపోతే' వరుసలోనే ఉన్నాం. ఉద్దానంలో కొబ్బరితోటల్లో కూలికెళ్లే బక్కపలచటి మనిషీ, మిన్నసోటాలో పాడి రైతూ ఒకే లెక్కలో. విశాఖ కేజీహెచ్‌లో చదువుకునే రోజుల్లో ఉద్దానం పేషెంట్లను చూసే నేను ఈ స్పెషాలిటీ వైపు వచ్చాను. కండరం తక్కువున్న ఒంట్లో క్రియాటినిన్ తక్కువే చూపిస్తుంది, కిడ్నీ ఉన్నదానికన్నా బాగున్నట్టు కనిపిస్తుంది. ఆ తేడా కోసం మన పేరు మీద ఎవరూ అమెరికా ల్యాబుల్లో ప్రత్యేక గుణకం పెట్టలేదు. ఒక్క జాతికే పెట్టారు.

జరిగిన క్రమం

2018 ఆగస్టులో క్రియాటినిన్ 3.8కి చేరింది. గుణించిన అంకె అప్పటికి 20కి దిగింది. గుణించకుండా చూస్తే 17. అప్పుడు ట్రాన్స్‌ప్లాంట్ సెంటర్‌కు పంపారు. గుండె పరీక్షలు, పళ్ల డాక్టర్ సర్టిఫికెట్, పెద్దపేగు స్కోపీ, ఇన్సూరెన్స్ ఉత్తరాలు అన్నీ అయ్యి 2019 మార్చిలో లిస్టులో పేరు పడింది. రక్తం గ్రూపు బి. నల్లవాళ్లలో ఈ గ్రూపు ఎక్కువ, ఎదురుచూపూ ఎక్కువే. 2020 నవంబరులో, కోవిడ్ మధ్యలో, డయాలసిస్ మొదలుపెట్టక తప్పలేదు. వారానికి మూడు రోజులు తెల్లవారుజామునే బండి నడుపుకుంటూ వెళ్లి, నాలుగు గంటలు కుర్చీలో. ఉద్యోగం పోయింది.

2021 వసంతంలో ఆయన కూతురు కిడ్నీ ఇస్తానని ముందుకొచ్చింది. 26 ఏళ్లు. మొదటి భార్య బిడ్డ, ఆ తల్లి తెల్లజాతి మనిషి. రక్తపరీక్షలో క్రియాటినిన్ 0.95. రిపోర్టు మళ్లీ రెండు వరుసలు: 83, 96. మా ట్రాన్స్‌ప్లాంట్ కోఆర్డినేటర్ నాకు ఫోన్ చేసి ఏ వరుస తీసుకోవాలని అడిగింది. ఆ అమ్మాయి ఫారంలో రెండు గడులూ టిక్ పెట్టింది. సూత్రంలో మాత్రం అవును, కాదు అన్నవి తప్ప మూడోది లేదు.

1662లో వర్జీనియా ఒక చట్టం చేసింది. పుట్టిన బిడ్డ బానిసా స్వతంత్రురాలా అన్నది తల్లిని బట్టి తేలుతుందని. తెల్ల యజమానికి నల్ల స్త్రీ వల్ల పుట్టిన బిడ్డలు ఆయన ఆస్తిగానే ఉండటానికి అది. 1924లో అదే రాష్ట్రం, నల్లరక్తం ఏ కాస్త ఉన్నా తెల్లవాళ్లు కారని చట్టంగా రాసింది. మా కోఆర్డినేటర్ అడిగిన ప్రశ్న ఆ వరసలోదే. ఆమె అడిగింది కూడా ఫారంలో ఖాళీ నింపాలి కాబట్టే. మేము ఆ రెండు అంకెల్నీ పక్కనపెట్టి 24 గంటల మూత్రంతో నేరుగా కొలిపించాం. పనితీరు బాగుంది. కానీ ఇంట్లో కొలిచినా, క్లినిక్‌లో కొలిచినా కూతురి బీపీ 140 పైనే నిలిచింది. ఆ వయసుకు ఆ బీపీ ఉన్నవాళ్లను మా సెంటర్ దాతగా తీసుకోదు. ఆమె ఏడ్చింది. తండ్రి మాత్రం, నీ ప్రాణం మీదకు తెచ్చుకోవద్దని మొదట్నుంచీ చెప్పాను కదా అన్నారు. ఆమెకు ఆ వారమే బీపీ మందు మొదలుపెట్టాం.

లెక్క మారడం

ఈ మార్పును పెద్ద సంస్థలు తమంతట తాము తెచ్చాయని అనుకోకూడదు. మెడికల్ విద్యార్థులు క్లాసులో చేతులెత్తి అడగడం మొదలుపెట్టారు. 2017లో బోస్టన్‌లోని బెత్ ఇజ్రాయెల్ డీకనెస్ ఆసుపత్రి జాతి గుణకాన్ని తీసేసింది. 2020లో, పోలీసు చేతిలో నల్లజాతి మనిషి జార్జ్ ఫ్లాయిడ్ హత్య తర్వాత, మరిన్ని చోట్ల తీశారు. నేషనల్ కిడ్నీ ఫౌండేషన్, అమెరికన్ సొసైటీ ఆఫ్ నెఫ్రాలజీ కలిసి వేసిన కమిటీ 2021 సెప్టెంబరులో జాతి లేని కొత్త సూత్రాన్ని సిఫారసు చేసింది. దానితో లెక్కిస్తే మన పేషెంట్ 2016 ఫలితం 19. అర్హత ఉన్న అంకె.

ఇక్కడే ఆగిపోయి ఉంటే ఈ కేసు రాసేవాడిని కాదు. సూత్రం మార్చితే రేపు వచ్చే పేషెంట్‌కు న్యాయం. రెండున్నరేళ్లు వెనకబడి కూర్చున్న మనిషికి దానివల్ల ఒరిగేదేమీ లేదు, క్యూలో ఆయన చోటు అక్కడే ఉంటుంది. ఆ లిస్టులో ఏడాది ఎదురుచూపుకు ఒక పాయింటు. పోయిన కాలాన్ని లెక్కగట్టి మనిషికి తిరిగి ఇవ్వాలన్నది వేరే నిర్ణయం. అమెరికా అవయవదాన వ్యవస్థను నడిపే నెట్‌వర్క్ ఆ నిర్ణయం తీసుకుంది. 2023 జనవరి నుంచి ప్రతి కిడ్నీ సెంటర్ తన లిస్టులోని నల్లవాళ్ల రికార్డులు వెనక్కి వెళ్లి చూడాలి. జాతి గుణకం లేకపోతే ఎప్పుడు 20కి దిగేవారో రుజువు దొరికితే ఆ తేదీకి వాళ్ల కాలాన్ని జరపాలి. దీనికి ఏడాది గడువు ఇచ్చారు. 2024 మార్చి మధ్య నాటికి 14,300 మందికి పైగా కాలం సవరించారు. సగటున మనిషికి రెండేళ్లు.

అమెరికాలో బానిసత్వం గురించి, దాని తర్వాతి అన్యాయం గురించి క్షమాపణలు చాలా వచ్చాయి. తీర్మానాలు వచ్చాయి, 2021లో, బానిసత్వం ముగిసిన గుర్తుగా జూన్ 19న సెలవు కూడా వచ్చింది. వాటి విలువ వాటిదే. కానీ పేరు పేరునా, ఫైలు ఫైలునా చూసి, నీ దగ్గర ఇంత తీసుకున్నాం, ఇదిగో ఇస్తున్నాం అని ఒక వ్యవస్థ చెప్పడం నా వృత్తిలో నేను చూసింది ఇదొక్కటే. అందుకే అది ఎలా జరిగిందో కాస్త వివరంగా చెబుతాను.

రుజువు అంటే పాత ల్యాబ్ రిపోర్టు. 2016లో ఆయన్ని చూసిన క్లినిక్ ఆ తర్వాత వేరేవాళ్ల చేతికి వెళ్లింది, కంప్యూటర్ సిస్టమ్ మారింది. పాత రికార్డులు అడిగితే సమ్మరీ వచ్చింది, ల్యాబ్ కాగితాలు రాలేదు. ఇలాంటి పేషెంట్లు ఊళ్లలో ఎందరో. సవరణ హక్కు అందరికీ ఉన్నా, కాగితం ఉన్నవాళ్లకే అందుతుంది. ఇరవై ఏళ్లుగా ఒకే పెద్ద యూనివర్సిటీ ఆసుపత్రికి వెళ్లినవాళ్ల తేదీ ఒక బటన్‌తో దొరికింది. ఊరూరా క్లినిక్‌లు మారినవాళ్లు, ఇన్సూరెన్స్ పోయి మధ్యలో రెండేళ్లు ఎక్కడికీ వెళ్లనివాళ్లు వెనకబడ్డారు. వాళ్లెవరో నేను చెప్పక్కర్లేదు.

ఈయన అదృష్టం ఆయన భార్య. చర్చిలో లెక్కలు చూసే మనిషి. ప్రతి రిపోర్టూ తేదీ వరసలో ప్లాస్టిక్ కవర్లలో పెట్టి వంటింటి డ్రాయర్‌లో దాచింది. మా కోఆర్డినేటర్ ఫోన్ చేసిన సాయంత్రమే ఫోటో తీసి పంపింది. 18, 21 ఒకదాని కింద ఒకటి, తేదీతో సహా.

నేను వాళ్లిద్దరినీ కూర్చోబెట్టి మొత్తం చెప్పాను. ముందు ఆయన నమ్మలేదు. పక్క రాష్ట్రం అలబామాలో, టస్కీగీలో, 1932 నుంచి 1972 దాకా ప్రభుత్వ ఆరోగ్య శాఖ సిఫిలిస్ ఉన్న 399 మంది నల్లవాళ్లకు జబ్బు పేరు చెప్పకుండా, పెన్సిలిన్ వచ్చాక కూడా ఇవ్వకుండా గమనిస్తూ కూర్చుంది. మా వైపు పెద్దవాళ్లకు అది చరిత్ర పాఠం కాదు, ఇంట్లో విన్న సంగతి. జాతి పేరు చెప్పి మీ నంబర్ మారుస్తున్నాం అంటే ఆయనకు అనుమానం రావడంలో తప్పేముంది. ఎవరికి లాభం అని అడిగారు. మీకే అన్నాను. రిపోర్టు చూపించి గుణకారం కాగితం మీద చేసి చూపించాను. కాసేపు చూసి, "అంటే నల్లగా పుట్టినందుకు నా కిడ్నీలకు గ్రేస్ మార్కులు వేశారన్నమాట, పాసైపోయానని వెనక్కి పంపేశారు" అన్నారు.

అంతకన్నా బాగా నేను చెప్పలేను. ఆ తర్వాత ఆయన అడిగిన ప్రశ్న మాత్రం ఇప్పటికీ నన్ను వదల్లేదు. డయాలసిస్‌లో తన పక్క కుర్చీలో కూర్చునే ఇద్దరు 2021లో చనిపోయారు, వాళ్ల తేదీలు ఎవరు చూస్తారు అని.

2023 మార్చిలో పత్రాలు పంపాం. ఆమోదం వచ్చింది. ఎదురుచూపు మొదలైన తేదీ 2019 మార్చి నుంచి 2016 సెప్టెంబరుకు జరిగింది. రెండున్నరేళ్లు. ఆగస్టులో కిడ్నీ వచ్చింది. ఆపరేషన్ తర్వాత కొత్త కిడ్నీ మేలుకోవడానికి వారం పట్టింది, ఆ వారంలో రెండుసార్లు డయాలసిస్ ఇవ్వాల్సి వచ్చింది. ఏడాది తర్వాత క్రియాటినిన్ 1.5, బీపీ రెండు మందులతో అదుపులో ఉంది. డయాలసిస్ కోసం రక్తనాళాలు కలిపి పెట్టిన ఫిస్టులాను అలాగే ఉంచాం.

వృత్తిలో ఉన్నవాళ్ల కోసం కొన్ని మాటలు

జాతి తీసేస్తే జన్యువులను పట్టించుకోనట్టే అని కొందరు మిత్రులు అంటారు. కాదు. 2010లో ఏపీఓఎల్1 జన్యువులో రెండు రకాల మార్పులు బయటపడ్డాయి. ఆఫ్రికాలో నిద్రజబ్బు నుంచి కాపాడే మార్పులు అవి. తల్లి నుంచీ తండ్రి నుంచీ రెండు వైపులా వస్తే కిడ్నీ జబ్బు ముప్పు బాగా పెరుగుతుంది. అమెరికా నల్లవాళ్లలో సుమారు 13 శాతం మందికి అలా రెండూ ఉంటాయి. అంటే మిగతా 87 శాతానికి లేవు. పశ్చిమ ఆఫ్రికా మూలాలున్నవాళ్లలో ఎక్కువ, ఇథియోపియా వాళ్లలో దాదాపు కనిపించవు. ఇద్దరూ అమెరికా ఫారంలో ఒకే గడిలో టిక్ పెడతారు. జన్యువు కావాలంటే జన్యువు పరీక్ష చేద్దాం. గడి దాని పని చేయలేదు.

ఇంకో మాట కూడా తరచూ వినిపిస్తుంది. ఓడల్లో సముద్రం దాటేటప్పుడు ఒంట్లో ఉప్పు నిలుపుకోగలిగినవాళ్లే బతికారు, అందుకే వాళ్ల వారసులకు బీపీ అని. మన తెలుగు డాక్టర్ల పార్టీల్లో కూడా ఇది చెబుతుంటారు, వినడానికి బాగుంటుంది. చరిత్రకారులు ఓడల రికార్డులు చూసి దీనికి ఆధారం లేదని 1992లోనే చెప్పారు. 1997లో వచ్చిన ఒక అధ్యయనం నాకు ఎక్కువ ఉపయోగపడింది. పశ్చిమ ఆఫ్రికా మూలాలే ఉన్నవాళ్లలో బీపీ పశ్చిమ ఆఫ్రికాలో 16 శాతం, కరీబియన్ దీవుల్లో 26, అమెరికాలో 33. పూర్వీకులు ఒకరే అయినా, ఏ దేశంలో బతుకుతున్నారన్నదాన్ని బట్టి అంకె రెట్టింపు అయింది. బానిసత్వం మిగిల్చిన జబ్బును రక్తంలో వెతకడం తేలిక, ఎందుకంటే అప్పుడు ఎవరూ ఏమీ మార్చక్కర్లేదు. ఈ పేషెంట్ విషయంలో అది రోజు మార్చి రోజు వేసుకున్న బీపీ మాత్రలో ఉంది, ఆ మాత్రను దూరం చేసిన ఇన్సూరెన్స్‌లో ఉంది, తాత చేతికి రాని భూమిలో ఉంది.

కొత్త సూత్రానికి లోపాలు లేకపోలేదు. నల్లవాళ్లలో పనితీరును కొంచెం తక్కువగా, మిగతావాళ్లలో కొంచెం ఎక్కువగా చూపిస్తుంది. అందుకే నిర్ణయం అంచుమీద ఉన్నప్పుడు, అంటే 20 చుట్టూ తిరిగేటప్పుడు, కండరంతో అంతగా సంబంధం లేని సిస్టాటిన్ సి అనే రక్తపరీక్ష కలిపి చూడాలి. ఇండియాలో ఉన్న మిత్రులకు ఇది ఇంకా అవసరం. శాకాహారులు, సన్నటివాళ్లు, ముసలివాళ్లు ఎక్కువగా వచ్చే మన ఓపీల్లో క్రియాటినిన్ ఒక్కదాన్నే నమ్మితే కిడ్నీని ఉన్నదానికన్నా మెరుగ్గా లెక్కగడతాం.

ఇదే లెక్క వేరే చోట్ల కూడా ఉంది. స్పైరోమీటర్లలో నల్లవాళ్లకు 10 నుంచి 15 శాతం తగ్గించి 'నార్మల్' అనడం మొన్నటిదాకా మెషీన్‌లోనే ఉండేది. ఆసియా వాళ్లకు కూడా కొంత తగ్గించేవారు. 2023లో అమెరికన్ థొరాసిక్ సొసైటీ జాతి లేని లెక్క వాడమంది. అమెరికన్ ఫుట్‌బాల్ లీగ్ తలదెబ్బల పరిహారంలో నల్ల ఆటగాళ్ల తెలివి మొదటి నుంచే తక్కువని అనుకుని కొలిచేవారు, దాన్ని ఆపేస్తామని 2021లో ఒప్పుకున్నారు. ఈ పేషెంట్ ట్రాన్స్‌ప్లాంట్ పరీక్షల్లో తీసిన 2018 స్పైరోమెట్రీలో 'నార్మల్' అని ఉంది. కొత్త లెక్కతో చూస్తే నార్మల్ కన్నా దిగువన ఉంది. చల్లటి, అమ్మోనియా వాడే ప్లాంట్‌లో అన్నేళ్లు పనిచేసిన మనిషి. ఊపిరితిత్తుల డాక్టర్ దగ్గరికి పంపాం, ఇప్పుడు ఇన్‌హేలర్ వాడుతున్నారు.

ఇక మిగిలిన పని గురించి. 2023 సవరణ లిస్టులో ఉన్నవాళ్లకే వర్తించింది. గుణించిన అంకె 21, 23, 25 దగ్గర నిలిచిపోయి అసలు ట్రాన్స్‌ప్లాంట్ మాటే ఎవరూ ఎత్తనివాళ్లు ఏ లెక్కలోనూ లేరు. అమెరికా జనాభాలో నల్లవాళ్లు సుమారు 13 శాతం, కిడ్నీలు పూర్తిగా పోయినవాళ్లలో 30 శాతానికి పైగా. మా దగ్గర నర్సు ప్రాక్టిషనర్, నేను కలిసి పాత ఛార్టులు తీసి, అప్పట్లో పంపాల్సి ఉండి పంపనివాళ్లకు ఫోన్లు చేస్తున్నాం. కొందరు ఇప్పుడు డయాలసిస్‌లో ఉన్నారు. కొందరి నంబర్లు పనిచేయడం లేదు. పేషెంట్ తమ్ముడు కూడా ఆ ఛార్టుల్లో దొరికాడు. సిస్టాటిన్ సి కలిపి చూస్తే 27. మందులు మార్చాం, ట్రాన్స్‌ప్లాంట్ సెంటర్‌కు ఇప్పుడే ఉత్తరం రాశాం. ఆయన ల్యాబ్ కాగితాలు కూడా వదినగారే దాస్తున్నారు.